నంది రోడ్డు మీద పక్కగాలి

చివరి రోజు సైకిలు రేసుకు ముందటి సాయంత్రం, సర్జాపురలో అద్దెకు తీసుకున్న ఇంట్లో హొంగె జట్టు అమ్మాయిలు అన్నాలకు కూర్చున్నారు. కోచ్ కదిరప్ప మర్నాటి ఏర్పాటంతా అప్పటికే చెప్పేశాడు. లిడియా రోజంతా నేత్రావతి ముందే తొక్కుతూ ఆమెకు గాలి తగలకుండా చూడాలి. దాహమైతే జట్టు కారు దగ్గరికి వెళ్ళి నీళ్ళ సీసాలు తెచ్చివ్వాలి. రేసు నంది కొండ మీద ముగుస్తుంది గనక ఆ కొండ మొదలు దాకా దిగబెట్టాలి. ఆ పైన నేత్రావతి కాళ్ళలో ఎంత సత్తువ ఉంటే అంత. చేతిలో ఉన్న రెండో స్థానం జారిపోకపోతే చాలన్నది అతని ఉద్దేశం.

లిడియా పెరుగన్నం కలుపుకుంటూ అంతా విన్నది. విన్నాక, "రెండో స్థానం కోసమైతే నేనెందుకు సార్? నేత్ర ఒక్కతే తెచ్చుకుంటాది," అంది.

అందరూ చేతులాపి ఆమె వైపు చూశారు.

అది నాలుగు రోజుల రేసు. రోజుకొక దారి. ఏ రోజు ఎవరు ముందొచ్చినా, నాలుగు రోజుల సమయం కలిపితే ఎవరిది తక్కువో వాళ్ళదే మొత్తం రేసు. ఆ లెక్కలో ముందున్న మనిషి పసుపు జెర్సీ వేసుకుంటుంది. మూడు రోజులు గడిచేసరికి ఆ జెర్సీ హైదరాబాదు జట్టు నాయకురాలు శిరీష ఒంటి మీద ఉంది. నేత్రావతి ఆమెకు అర నిమిషం పైచిలుకు వెనక. నేత్రావతికి ఇంకో నిమిషం వెనక లిడియా.

సైకిలు మీద ముందున్న మనిషి గాలిని చీల్చుకుంటూ పోతే, ఆ చక్రాన్నే అంటుకుని వెనక వచ్చేవాళ్ళకు బోలెడు శ్రమ మిగులుతుంది. రేసులో ఎత్తులూ పైఎత్తులూ అన్నీ అక్కడినుంచే పుడతాయి. అందుకే జట్టులో ఒక్కొక్కరిది ఒక్కో పని. హరిణి చదును రోడ్డు మీద చివరి గీత దగ్గర దూసుకుపోయే మనిషి. మొదటి రోజు అలాగే గెలిచింది. కోలారు వైపు నుంచి వచ్చిన నేత్రావతి కొండలెక్కడంలో దిట్ట. మిగిలిన పనంతా లిడియాది. ఎవరికి గాలి అడ్డాలన్నా, ఎవర్ని తరమాలన్నా, ఎవర్ని పోనివ్వాలన్నా రోడ్డు మీద తేల్చేది ఆమే. కోచ్ మాట వినేందుకు చెవుల్లో రేడియోలు పెట్టుకోవడానికి ఆ రేసులో అనుమతి లేదు మరి.

ఇన్నేళ్ళలో లిడియా తన పేరు మీద ఒక్క రేసూ గెలవలేదు. ఆమె లాక్కొచ్చి దిగబెట్టినవాళ్ళు మాత్రం చాలానే గెలిచారు. కె.ఆర్.పురంలో పుట్టి పెరిగింది. మామూలు రోజుల్లో ఒక బడిలో ఆటల టీచరు. తన పని తనకు బాగా వచ్చునని ఆమెకు తెలుసు. ఆ మాట పైకి చెప్పడానికి మొహమాటపడేది కాదు.

ఆ సాయంత్రం కూడా మొహమాటపడలేదు. రేపు మొదట్లోనే నలుగురైదుగురు గుంపును వదిలి ముందుకు ఉరుకుతారని, తనూ వాళ్ళతో పోతానని చెప్పింది. మొత్తం లెక్కలో తను మరీ వెనక లేదు గనక శిరీష జట్టు తనను వదిలెయ్యలేదు. తరిమి తరిమి వాళ్ళే అలిసిపోతారు. విజయపుర దాటాక వచ్చే ఎత్తులో నేత్రావతి గుంపులోంచి ఒక్కసారిగా ముందుకు దూకాలి. ఆ ఎత్తు దిగాక నంది వైపు తిరిగే మలుపు దగ్గర తను కాచుకుని ఉంటుంది. అక్కడినుంచి కొండ దాకా గాలిలో తను లాగుతుంది.

కదిరప్ప తల అడ్డంగా ఊపాడు. నేత్ర గుంపులోంచి బయటపడలేకపోతే లిడియా ముందూ నేత్ర వెనకా మిగిలిపోతారని, ఉన్నదీ పోతుందని అన్నాడు. లిడియా అతనితో వాదించకుండా నేత్రావతి వైపు తిరిగింది.

నేత్రావతి అతి తక్కువ మాట్లాడే పిల్ల. పళ్ళెం పక్కకు జరిపి, "అక్క ఆడ ఉంటానంటే ఉంటాది సార్. నేను పోయి కలుస్తా," అంది.

కదిరప్ప సరేనన్నాడు. పొద్దున రేసు మొదలయ్యే హొసకోటెలో అమ్మాయిల టైర్లలో గాలి చూస్తున్నప్పుడు మాత్రం, "మీ ఇద్దరి ధైర్యం చూస్తే నాకు భయమైతా ఉండాదమ్మా," అన్నాడు.

డిసెంబరు ఎండ బాగా కాస్తోంది, గాలి తూర్పు నుంచి గట్టిగా ఉంది. ఆ గాలిని చూసి లిడియా మనసులోనే సంతోషించింది. ఉత్తరంగా నంది వైపు తిరిగాక అది కుడి పక్క నుంచి కొడుతుంది. పక్కగాలి ఆమెకు చుట్టం లాంటిది.

అనుకున్నట్టే సూలిబెలె చేరకముందే నలుగురు గుంపును వదిలి ముందుకు ఉరికారు. లిడియా ఐదో మనిషిగా వాళ్ళతో కలిసింది. తక్కినవాళ్ళు ఆమెను చూసి విసుక్కున్నారు, ఆమె వల్ల వెనకవాళ్ళు తరుముతారని. కానీ లిడియా వంతుకు మించి ముందుండి తొక్కింది. రోడ్డుకు రెండు పక్కలా రాగి కోసిన చేలు, తర్వాత ద్రాక్ష పందిళ్ళు వెనక్కి పోతున్నాయి. మోటారు సైకిలు మీద వచ్చే అధికారి నల్ల పలక మీద సుద్దతో రాసి చూపిస్తున్నాడు: గుంపు నిమిషం వెనక, ఒకటిన్నర, రెండు. పలక మీద రెండున్నర చూసి, పక్కన తొక్కుతున్న కేరళ అమ్మాయి నవ్వుతూ, ఇప్పుడు లెక్క ప్రకారం పసుపు జెర్సీ నీదేనని ఇంగ్లీషులో అంది.

లిడియా కూడా మనసులో ఆ లెక్కే వేసుకుంది. మూడు రోజుల్లో శిరీష కన్నా తను వెనకబడింది రెండు నిమిషాల లోపే. ఈ క్షణంలో రేసు ఆపేస్తే గెలిచేది తను.

కాసేపటికి జట్టు కారు వచ్చి ఆమె పక్కన చేరింది. కదిరప్ప కిటికీలోంచి తల బయటికి పెట్టాడు. రాత్రి అంత భయపడిన మనిషి మొహం వెలిగిపోతోంది.

"లిడియా, ప్లాన్ వదిలేయ్. ఆగొద్దు. శిరీష పిల్లలంతా అలిసి చచ్చిపోయినారు వెనక. నువ్వే పో, గెలుస్తావు."

ఆమె సీసా తీసింది. నీళ్ళు తాగింది. ఆశ పుట్టలేదంటే అబద్ధం. వాళ్ళమ్మ ప్రమీల, ఆస్పత్రిలో నర్సుగా చేసి రిటైరైన మనిషి, చర్చి ఆడవాళ్ళను వ్యానులో వేసుకుని సరిగ్గా ఆ మలుపు దగ్గరే నిలబడి ఉంటుంది. కూతురు అందరికన్నా ముందు రావడం ఆమె ఎప్పుడూ చూడలేదు.

కానీ నంది కొండను లిడియా ఎన్ని ఆదివారాలు ఎక్కిందో లెక్కలేదు. ఏ వంపులో తన ఊపిరి చాలదో, ఏ వంపు తర్వాత కాళ్ళు బరువెక్కుతాయో ఆమెకు తెలుసు. శిరీష ఆ కొండ మీద తననుంచి రెండు నిమిషాలేం ఖర్మ, మూడు కూడా లాక్కోగలదు. నేత్రావతి నుంచి మాత్రం ఒక్క క్షణం కూడా లాక్కోలేదు.

"నేత్ర ఎట్లుండాది సార్?" అని అడిగింది.

"ఏమో. పొద్దున్నించి ఒక్క మాట మాట్లాడలేదు."

"అయితే బాగుండాది. నేను గెలవను సార్, ఆ కొండ మీద నన్ను నాకంటే బాగా ఎరిగినోళ్ళు లేరు. నేను ఆగుతా. మీరు ఎనక్కి పోండి, దానికి నీళ్ళియ్యండి."

కదిరప్ప తల లోపలికి తీసుకున్నాడు. కారు వెనక్కి తగ్గింది.

మలుపు దగ్గర మిగతా నలుగురూ కుడికి వంగి వెళ్ళిపోయారు. లిడియా బ్రేకు నొక్కి, రోడ్డు ఎడమ పక్కన కాలు కింద పెట్టింది. మలుపు దాటితే పక్కగాలి. ఒంటరిగా అందులోకి పోయి బలం పోగొట్టుకోవడం ఆమెకు ఇష్టం లేదు. జేబులోంచి అరటిపండు తీసి తొక్క ఒలిచింది.

చర్చి ఆడవాళ్ళు మొదట చప్పట్లు కొట్టారు. తర్వాత ఆమె కదలకపోవడం చూసి చప్పట్లు ఆగిపోయాయి. ప్రమీల తోసుకుంటూ వచ్చింది.

"ఏమైందే? కాలు పట్టేసిందా?"

"ముట్టుకోవద్దమ్మా, బయటోళ్ళు సాయం చేస్తే రేసులోంచి తీసేస్తారు. నాకేం కాలేదు."

"ఏం కాకపోతే యాల ఆగినావు? అందరికన్నా ముందుండావంట గదా, ఆ మైకు ఆయప్ప చెప్పినాడు."

"ఉన్నానమ్మా. నేత్ర వస్తాది, దాని కోసం ఉండా."

"రాకపోతే?"

లిడియా పండు నములుతూ తల్లి కళ్ళలోకి చూసింది. "వస్తాది," అంది.

ఆపరేషన్ గదిలో ముప్పయ్యేళ్ళు డాక్టర్ల పక్కన నిలబడిన ప్రమీలకు, ఆ గొంతు ఎవరిలోనైనా వినిపిస్తే అడ్డం రాకూడదని తెలుసు. రెండడుగులు వెనక్కి వేసి, తక్కినవాళ్ళను కూడా రోడ్డు మీదికి రాకుండా చేతులు చాపి నిలబడింది.

మోటారు సైకిలు వచ్చింది. పలక మీద ఈసారి మనుషుల లెక్క రాసి ఉంది. వెనక తరుముతున్నది ఒక్కరు కాదు, ఇద్దరు.

ఎత్తు మీదినుంచి ఇద్దరూ దిగుతూ కనిపించారు. ముందు నేత్రావతి, నోరు తెరుచుకుని, మెడ వంచుకుని. ఆమె వెనక చక్రానికి అంటుకుపోయినట్టు పసుపు జెర్సీ. శిరీష తన జట్టునంతా పోగొట్టుకుని కూడా నేత్రావతిని వదల్లేదు. ఇప్పుడు లిడియా లాగితే ఇద్దర్నీ లాగినట్టే. గాలి చాటున హాయిగా కొండ దాకా వచ్చి, శిరీష పైన నేత్రావతితో సమానంగా ఎక్కితే చాలు, రేసు ఆమెదే.

లిడియా పెడల్ మీద కాలు పెట్టింది. వాళ్ళు దగ్గరికి వచ్చేలోపు వేగం అందుకుని, ముగ్గురూ కలిసే మలుపు తిరిగారు. గాలి కుడి చెంపను కొట్టింది.

"నేత్రా, నా ఎడమ పక్కకు రా. నా తొడ దగ్గర నీ హ్యాండిల్ ఉండాల," అంది లిడియా.

పక్కగాలిలో చాటు సరిగ్గా వెనక ఉండదు. కుడినుంచి గాలి వస్తే చాటు ఎడమ పక్కకు ఏటవాలుగా పడుతుంది. లిడియా రోడ్డును చూసుకుంది. తనకూ ఎడమ అంచుకూ మధ్య ఒక్క సైకిలు పట్టేంత జాగా మాత్రం ఉంచి, అక్కడినుంచి అంగుళం కూడా జరగకుండా తొక్కడం మొదలుపెట్టింది. ఆ జాగాలో నేత్రావతి. మూడో మనిషికి అంచు అవతల మట్టీ ముళ్ళూ తప్ప చాటు లేదు.

శిరీషకు సంగతి తెలియడానికి ఎంతోసేపు పట్టలేదు. నేత్రావతి వెనక తొక్కుతోంది గాని గాలంతా ఆమెకే కొడుతోంది. మధ్యలో దూరి ఆ ఒక్క జాగా లాక్కుందామని రెండుసార్లు భుజంతో నెట్టింది. నేత్రావతి భుజం కదల్లేదు. ముందుకు వచ్చి తనే దూకుదామంటే, ఒంటరిగా ఆ గాలిలో, రెండు నిమిషాల పైన కాళ్ళకు విశ్రాంతి ఇచ్చి ఉన్న లిడియాను దాటి ఎంత దూరం పోగలదు? పళ్ళ బిగువున వెనకే వచ్చింది.

లిడియా వెనక్కి తిరిగి చూడలేదు. అవసరం లేదు. వెనకనుంచి వచ్చే ఊపిరి చప్పుడును బట్టి ఆమె వేగం పెంచుతోంది. నేత్రావతి ఊపిరి నెమ్మదిస్తోంది. శిరీషది తెగి తెగి వస్తోంది. తన తొడలు మండుతున్నాయి. వాటి పని ఇంకాసేపే గనక వాటిని మండనిచ్చింది. ఈ పనిలో ఆమెకున్న ఆనందం ఎవరికి చెప్పినా అర్థమయ్యేది కాదు. రోడ్డు మీద ముగ్గురి బలమూ ఆమె చేతి కింద ఉంది, ఎవరికి ఎంత మిగలాలో ఆమే పంచుతోంది.

కొండ మొదలైంది. చెట్ల మధ్యకు రాగానే గాలి ఆగిపోయింది. మొదటి వంపు దాకా లాగి, లిడియా కుడికి తప్పుకుంది.

"పో," అంది అంతే.

నేత్రావతి సీటు మీదినుంచి లేచింది. రెండో వంపు తిరిగేసరికి శిరీష ముందు రోడ్డు ఖాళీగా ఉంది.

తర్వాతి సంగతులు లిడియా చూడలేదు. చిన్న గేరులో, ఊపిరి చాలని వంపు దగ్గర అలవాటు ప్రకారం తిట్టుకుంటూ, గుంపులోని సగం మంది తనను దాటిపోతుంటే దారి ఇస్తూ ఎక్కింది. హరిణి దాటుతూ ఆమె వీపు మీద చెయ్యి వేసి పోయింది. పైన మైకులో కన్నడంలో పేర్లు చదువుతుంటే చెవి ఒగ్గి విన్నది. ఆ రోజుకు మొదట వచ్చింది కేరళ అమ్మాయి. రెండోది నేత్రావతి. మూడో పేరు చదవడానికి మైకు చాలాసేపు తీసుకుంది. ఆ ఆలస్యం వింటూనే లిడియాకు తెలిసిపోయింది, పసుపు జెర్సీ చేతులు మారిందని.

గీత దాటాక శిరీష ఆమెను వెతుక్కుంటూ వచ్చింది. పాత పరిచయమే, ఒకప్పుడు ఒకే జట్టులో తొక్కారు. కళ్ళు ఎర్రగా ఉన్నా మాటలో కోపం లేదు.

"నాకు కొంచెం జాగా ఇచ్చుంటే ఏం పోయేది లిడియక్కా?"

"రేసు పోయేది."

శిరీష నవ్వేసింది. వచ్చే ఏడాది తమ జట్టుకు రమ్మని, జీతం సంగతి తను మాట్లాడతానని అంది. లిడియా నవ్వుతూనే కాదని చెప్పింది. నేత్రావతి పక్కన ఇంకా ఒకటి రెండేళ్ళు పని ఉందని, ఆ పిల్లకు కొండ దిగేటప్పుడు బ్రేకు వేయడం ఇంకా సరిగ్గా రాదని చెప్పింది.

జెర్సీ వేసుకున్న నేత్రావతి ఫోటోల నుంచి తప్పించుకుని వచ్చి లిడియా పక్కన గోడ మీద కూర్చుంది. లిడియా చేతిలోని సీసా తీసుకుని మిగిలిన నీళ్ళు తాగింది. కదిరప్ప ఇద్దరి ముందూ నిలబడి, పొద్దున కారులోంచి తను అన్న మాట మర్చిపొమ్మన్నాడు. వచ్చే రేసునుంచి తనతో పాటు కారులో కూర్చుని జట్టును నడిపించమని లిడియాను అడిగాడు.

"కార్లో గాలి తెలీదు సార్. కాళ్ళున్నన్ని రోజులు రోడ్డు మీదే ఉంటా," అంది లిడియా.

అప్పటికి వ్యాను పైకి వచ్చింది. చర్చి ఆడవాళ్ళు పులిహోర డబ్బాలు దించుతున్నారు. ప్రమీల నేత్రావతి దగ్గరికి వచ్చి, నర్సు చూసినట్టు ఆమె మొహమూ పెదవులూ పట్టి చూసి, ముందు ఉప్పు వేసిన మజ్జిగ తాగమని చేతికిచ్చింది. తర్వాత కూతురి పక్కన కూర్చుని, మలుపు దగ్గర తను చూసిన ఆ పని, రోడ్డు అంచున ఒక్క సైకిలు జాగా ఉంచి తొక్కడం, ఎట్లాగో చెప్పమంది. లిడియా రెండు డబ్బా మూతలను సైకిళ్ళుగా, ఒక చెంచాను రోడ్డు అంచుగా గోడ మీద పెట్టి చూపించడం మొదలుపెట్టింది.