ఎడమ పక్కటెముకల మీద బంతి అచ్చు

ఉదయం ఆరున్నరకి వెన్సెస్లావ్ తన మంగలి దుకాణం తెరిచి, కత్తి నూరుకుని, చొక్కా గుండీలన్నీ విప్పి నిలబడ్డాడు. బానీ ఊళ్లో అందరికీ తెలిసిన పద్ధతే. అతని ఎడమ పక్కటెముకల మీద బేస్‌బాల్ బంతి అచ్చు ఉంది, ఎర్రటి కుట్లతో సహా. తగిలి పంతొమ్మిదేళ్లయినా నిన్న తగిలినట్టే ఉంటుంది. వేలు పెడితే వెచ్చగా ఉంటుంది. లాటరీ కొనేవాళ్లూ, నెలలు నిండిన ఆడవాళ్లూ దాన్ని ముట్టుకునే వెళ్తారు.

ఆ ఏడాది అసువా ఊరితో ఫైనల్. స్కోరు సమానం, ఆఖరి ఇన్నింగ్స్, మూడు బేసుల్లోనూ మనవాళ్లే. బంతి ఒంటికి తగిలితే బ్యాటర్‌ని ఊరికే మొదటి బేసుకి పంపుతారు. వెన్సెస్లావ్‌కి తగిలింది. అందరూ తలా ఒక బేసు జరిగారు, గెలుపు పరుగు నడుచుకుంటూ వచ్చింది. వేరొకరి బదులు దిగిన వెన్సెస్లావ్‌ని ఊరు భుజాల మీద ఊరేగించింది. ఆ తర్వాత ఏ జట్టూ అతన్ని పిలవలేదు.

"బ్యాట్ ఊపకుండా చాంపియన్ అయిన మొనగాడు," అంటుంది దుకాణం గుమ్మంలో లాటరీ టికెట్లమ్మే ఫెలీసియా, రోజూ. అందరితో పాటు అతనూ నవ్వుతాడు, మెడ దాకా ఎర్రబడి. వంగి పక్కకి పోతున్న బంతికి తానే ఒళ్లు అడ్డం పెట్టిన సంగతి పెళ్లానికి కూడా చెప్పలేదు.

ఆ రోజు మూడో బేరంగా ఎలీహియో వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. ఆ బంతి వేసింది అతనే. అప్పట్నుంచీ అసువాలో అతన్ని జారుచేతులోడు అనే పిలుస్తున్నారు. మళ్లీ బంతి పట్టలేదు. వెన్సెస్లావ్ గబగబా గుండీలు పెట్టుకోబోయాడు.

"ఉండు తమ్ముడూ. అందరూ ముట్టుకుంటారటగా."

ఎలీహియో రెండు వేళ్లు అచ్చు మీద ఆనించి, మెల్లగా తిప్పాడు. అవి కుట్ల వెంట కుదురుకున్నాయి.

"పట్టు సరిగ్గానే ఉంది," అన్నాడు. "జారలేదు. ఇది పక్కకి వంగే బంతి. నీ దాకా రాదు."

ఫెలీసియా టికెట్ల కట్ట సర్దుకోసాగింది. వెన్సెస్లావ్ నేలకేసి చూస్తూ, "నేనే దాని దగ్గరికి వచ్చానన్నా," అన్నాడు.

ఎలీహియో గడ్డం చెయ్యమని తల వెనక్కి వాల్చాడు. వెన్సెస్లావ్ సబ్బు పూశాడు, కత్తి తీసి మళ్లీ బల్ల మీద పెట్టేశాడు. పూసిన సబ్బు తుడిచి పంపేశాడు. ఆ తర్వాత బేరం రాలేదు. రాత్రి స్నానానికి చొక్కా తీస్తే పక్కటెముకల మీద అచ్చు లేదు, చర్మం నున్నగా ఉంది.

ఆదివారం బస్సు డ్రైవరు చెప్పాడు: అసువాలో ఎలీహియో గుమ్మం ముందు నెలలు నిండిన ఆడవాళ్లు వరస కడుతున్నారట, అతని రెండు వేళ్లు ముట్టుకోవడానికి.