పదిహేడో మేకు

తడిగుడ్డతో చెక్కబోర్డు తుడుస్తూ ఆయన పదహారో మేకు దాకా వచ్చాడు. నియామకాల కార్యాలయంలో అందరూ ఆయన్ని వంతులాయన అంటారు. అసలు పేరు జీతాల గుమాస్తాకి తప్ప ఎవరికీ గుర్తులేదు. బోర్డుకి ఇరవై మేకులు, మేకుకో రేకు బిళ్ళ. ఎక్కడ సర్కారు ఉద్యోగం ఖాళీ అయినా ఆ వరుసలోనే ఒక్కో ప్రాంతానికి వెళ్ళాలి. రాజధానికి ఏడు మేకులు, తీరానికి ఆరు, మైదానాలకి ఆరు. కొండప్రాంతానికి ఒక్కటే, పదిహేడోది. గడువులోగా దరఖాస్తు వస్తే బిళ్ళని తెలుపు వైపు తిప్పాలి. రాకపోతే ఎరుపు వైపు తిప్పి, ఉద్యోగం రాజధానికి ఇచ్చెయ్యాలి.

ముప్పై మూడేళ్ళ కిందట ఆ మేకు మీదే ఆయనకి ఉద్యోగం వచ్చింది. సన్నటి మనిషి. చదునైన వరండాలో కూడా కొండెక్కుతున్నట్టే ముందుకి వంగి నడుస్తాడు. ఆయన తరువాత కొండవాళ్ళ వంతు ఐదుసార్లు వచ్చింది, ఐదుసార్లూ మురిగిపోయింది. కొండ బస్సులో వచ్చే టపా సంచి సాయంత్రం నాలుగింటికి కింది గదిలో పడుతుంది, మర్నాడు పొద్దున గానీ పైకి రాదు. ప్రకటన కొండకి ఆలస్యంగా చేరడంతో దరఖాస్తులు ఆఖరి రోజు సంచిలోనే వస్తాయి, గడువేమో ఆ సాయంత్రం ఐదింటికే. దిగి తెచ్చుకోకూడదని ఏ నియమంలోనూ లేదు. మిగతా గుమాస్తాలు తమ తమ ప్రాంతాల కోసం రోజుకి నాలుగుసార్లు దిగుతారు. తనవాళ్ళని దొంగదారిన ఎక్కిస్తున్నాడంటారేమోనని ఆయన మాత్రం ఎన్నడూ ఒక్క మెట్టు దిగలేదు.

నాలుగోసారి ఆ సంచిలో సొంత తమ్ముడి దరఖాస్తు ఉంది. మర్నాడు దాని మీద 'ఆలస్యం' అని ముద్ర గుద్దింది ఆయన చెయ్యే. తమ్ముడు ఒక్క మాటా అనలేదు, ఇప్పటికీ క్వారీలో రాళ్ళు కొడుతున్నాడు. నాలుగు తిట్లు తిట్టినా బాగుండునని ఆయనకి చాలాసార్లు అనిపించింది.

ఇవాళ ఆయన ఉద్యోగానికి ఆఖరి రోజు. పదిహేడో వంతుకి గడువూ ఇవాళే.

నాలుగున్నరకి సెక్షన్ ఆఫీసరు తొంగిచూశాడు. కొండవాళ్ళు ఈసారీ రానట్టేగా, రాజధానికి రాసేస్తే ఓ పనైపోతుంది కదా అన్నాడు. నోటిదాకా వచ్చిన 'సరే'ని ఆయన మింగేశాడు.

"కింద సంచి ఉంది సార్. చూసొస్తాను."

"ఇన్నేళ్ళూ దిగనివాడివి, పోయేరోజు దిగితే నలుగురూ నాలుగు మాటలంటారయ్యా."

"అననివ్వండి సార్. ఆ మాటలకి భయపడే ఐదు ఉద్యోగాలు పోగొట్టాను."

గోడ పట్టుకుని దిగాడు. సంచి ముడి విప్పితే మూడు కవర్లున్నాయి. ఒకటి వానకి తడిసి ఆరినట్టుంది. పేర్లు చూడాలనిపించలేదు. అక్కడే నిలబడి మూడింటి మీదా 'అందింది' అని ముద్ర వేసి, నాలుగూ యాభై అని టైము రాశాడు. పైకొచ్చాక ఆఫీసరు సంతకం పెట్టి, ఆయనకి కూడా ఒక టీ చెప్పాడు.

వీడ్కోలు ఉపన్యాసాలు మధ్యాహ్నమే అయిపోయాయి. టీ తాగి, క్యారియరు సంచిలో పెట్టుకుని, బీరువా తాళాలు బల్ల మీద ఉంచాడు. రాత్రికి తమ్ముడికి ఉత్తరం రాయాలనుకున్నాడు. క్షమించమని రాయడమెలాగో మాత్రం తెలియలేదు. బోర్డు దగ్గరికెళ్ళి పదిహేడో బిళ్ళని తిప్పి, వెనక్కి చూడకుండా మెట్లు దిగిపోయాడు.

చుట్టూ ఉన్న బిళ్ళల తెలుపు ఎప్పుడో పసుపుపచ్చగా మాసిపోయింది. ఐదు వంతులపాటు గోడవైపే ఉండిపోయిన ఆ ఒక్క బిళ్ళ తెలుపు మాత్రం, నిన్న రంగు వేసినట్టే ఉంది.