పానకాలు పరిచిన బండలు

మార్టూరు గ్రానైట్ పాలిష్ పనివాడు పానకాలు, పెళ్లికి ముందు దుబాయ్‌లో ఒక పెద్ద హోటల్‌కి బండలు పరిచాడు. ఇన్నేళ్లకు భార్య కోటేశ్వరితో ఆ ఊరు చూడటానికి వెళ్తున్నాడు. కూతురు శ్రీరమ్య ఫోన్‌లో ఎత్తైన టవరూ, ఎడారిలో ఒంటెలూ చూపించి, ముందు ఏం చూస్తారని అడిగింది.

"మీ నాన్న పరిచిన బండలు చూడాలే," అంది కోటేశ్వరి.

"అది గొప్పోళ్లు దిగే హోటల్. మనల్ని రానిస్తారా?" పానకాలు గొంతు తగ్గింది. పని అయిపోగానే కూలీలందర్నీ వెనక గేటు నుంచి పంపేశారు. హోటల్ తెరిచాక ఆ నేల ఎలా మెరిసిందో అతను చూడనేలేదు.

"కాఫీ తాగడానికి పోతే ఎవరాపుతారయ్యా?" అంది కోటేశ్వరి.

పానకాలు చివరికి కూతురి వైపు తిరిగి, "అమ్మా, నాకు మంచి బూట్లు చూడు," అన్నాడు.