కింద మా అక్క ఉంది

దుప్పటి కొసలు రెండూ పట్టుకుని ఒక్క విదిలింపు విదిలించి, అంచుని గడ్డం కింద నొక్కిపట్టి, చేతులు బారచాపి సగానికి మడిచింది మడతలమ్మ. ఆ సగాన్ని మళ్ళీ సగం చేసింది. బల్ల మీద వేసి ముంజేత్తో ఒక్కసారి రాస్తే ముడతలన్నీ నోరు మూసుకున్నాయి. ఆ ముంజేతి మీద వెంట్రుక అన్నది లేదు. ఏళ్ళ తరబడి వేడి గుడ్డ రాసుకుని రాసుకుని నున్నగా, చంటిపిల్లల చెయ్యిలా తయారైంది. పైన ఉన్న మొహం మాత్రం అందుకు పూర్తిగా వేరు.

ఆస్పత్రి నేలమాళిగలో ఉంది లాండ్రీ. కిటికీలు లేవు. కప్పుకి ఆనుకుని చెయ్యి దూరేపాటి సందులున్నాయి, వాటిలోంచి బయట నడిచేవాళ్ళ పాదాలు కనిపిస్తాయి. ఉతికే యంత్రాలు ఒక పక్క గుడగుడలాడుతుంటే ఆరబెట్టే యంత్రాలు ఇంకో పక్క రొద పెడతాయి. ఆ రొదలో మాట వినపడాలంటే అరవాలి. అలవాటు కొద్దీ మడతలమ్మ ఇంట్లోనూ అరుస్తుంది. అందువల్ల గయ్యాళి అని పేరుపడింది. అందులో కొంత నిజం లేకపోలేదు.

మడత పెట్టేముందు ప్రతి దుప్పటినీ దీపానికెదురుగా ఎత్తి చూస్తుంది. చిరిగినవి కుట్టేవాళ్ళ దగ్గరికి పోతాయి. మిగతావి వార్డులవారీగా ట్రాలీ అరల్లోకి వెళ్తాయి. ఏ దుప్పటి ఏ వార్డుకన్న నియమం ఎక్కడా లేదు, అంతా మడతలమ్మ ఇష్టం. లోకం మొత్తంలో ఆమె మాట చెల్లే చోటు అదొక్కటే. వెలుతురు ఇవతలికి దిగేంత పలచబడినవీ, రంగు వెలిసినవీ, అతుకులు పడ్డవీ ఒక్కటి కూడా తప్పిపోకుండా ఏరి ప్రసూతి వార్డు అరలో పెడుతుంది. ప్రసూతి వార్డులో ఆయా ఆమె తోడికోడలు మరి.

మొగుళ్ళు, అన్నదమ్ములిద్దరూ, పనిచేసే మిల్లు మూతపడినప్పుడు తోడికోడళ్ళిద్దరూ ఒకే పొద్దున వచ్చి ఈ ఆస్పత్రిలో పని అడిగారు. అప్పటి మేట్రన్ ఇద్దర్నీ ఎగాదిగా చూసి, “నవ్వుమొహం పైకి, గట్టి చేతులు కిందికి” అంది. అంతే, ఆ ఒక్క ముక్కతో ఇద్దరి బతుకులూ తేలిపోయాయి. మడతలమ్మకి మాత్రం నవ్వడం రాదా? ఆ రోజు పన్నునొప్పి! బుగ్గ వాచిపోయి ఉంది. ఆ పన్ను మర్నాడే పీకించుకుంది గానీ, నేలమాళిగలోంచి తనను తాను పీక్కోలేకపోయింది.

ఆ తరవాత తోడికోడళ్ళలో చిన్నది పైన ఆయమ్మ అయిపోయింది. ఊళ్ళో సగంమందిని మొదట ఎత్తుకున్నది ఆ చేతులే. సాయంత్రం ఇద్దరూ కలిసి ఇంటికి నడుస్తుంటే అడుగడుగునా ఎవరో ఒకరు ఆగిపోతారు. “ఆయమ్మా, వీడు గుర్తున్నాడా? కాళ్ళు ముందొచ్చినవాడు!” అని పిల్లాణ్ణి ముందుకి తోస్తారు. చిన్నది వాడి బుగ్గ పుణికి ముచ్చటపడుతుంది. మడతలమ్మ క్యారేజీ పట్టుకుని పక్కన దీపస్తంభంలా నిలబడుతుంది. ఆ పుట్టినవాడు మొదట పడుకున్న దుప్పటి తను మడిచిందేనని చెబుదామని ఒకసారి నోటిదాకా వచ్చింది. చెబితే నవ్వుతారని మింగేసింది. కుళాయి తిప్పినవాడు నీళ్ళని చూస్తాడు గానీ గొట్టం ఎక్కడినుంచి వస్తోందో చూడడు కదా అనుకుంది.

ఇదంతా ఒక ఎత్తు, మనవడి సంగతి ఒక ఎత్తు. కోడలికి నొప్పులొచ్చి ఇదే ఆస్పత్రిలో చేరినప్పుడు పనిలో ఉన్న మడతలమ్మకి కబురు ఆలస్యంగా అందింది. పైన సొంత మనవడు పుడుతున్న సమయాన కింద ఆవిడ ఎవరిదో దుప్పటి సగానికి సగం మడుస్తోంది. పరుగెత్తుకుంటూ వెళ్ళేసరికి వాడు చిన్నదాని చేతుల్లో ఉన్నాడు. “చిన్నత్తయ్య లేకపోతే నేను బతికేదాన్ని కాదు” అంటోంది కోడలు. వాడు ఈనాటికీ జ్వరమొస్తే చిన్న నాయనమ్మ కావాలంటాడు. పలచటి దుప్పట్లు ఏరడం ఆ మర్నాడే మొదలైంది.

వాడిప్పుడు బడికి పోతున్నాడు. ఇంతకాలంలో ప్రసూతి వార్డునుంచి ఒక్క ఫిర్యాదు రాలేదు. బాలింతలు ఊరుకున్నారా? నర్సులు ఊరుకున్నారా? మడతలమ్మ కడుపుమంట పైన ఎవరికీ తగిలినట్టే లేదు. అది ఆమెని మరీ కాల్చింది.

ఈ పొద్దున మాత్రం ఆమెకి ఆశ పుట్టింది. కొత్త దుప్పట్ల మూటలు దిగాయి. గంజి వాసన, పెళపెళలాడే అంచులు. అన్ని వార్డులకీ చాలవు. ఎవరికివ్వాలో చూసుకొమ్మని సూపర్‌వైజరు చెప్పి వెళ్ళిపోయాడు. కొత్తవంటే వార్డులు కొట్టుకుంటాయి. చిన్నది కూడా దిగి రాక తప్పదు. వచ్చి, ఈ బల్ల ముందు నిలబడి, “అక్కా, నాకు నాలుగివ్వవా” అని అడగాలి. మడతలమ్మకి కావలసింది అంతే. ఇవ్వడమా మానడమా తరవాతి సంగతి. ముందు అడగాలి. జవాబు కూడా సిద్ధంగా ఉంది. తల ఎత్తకుండా, మడత ఆపకుండా “చూస్తాలే” అనాలి.

ట్రాలీ తోసే బండాయన ఈల వేసుకుంటూ వచ్చాడు.

“కొత్తవొచ్చాయటగా మడతలమ్మా? ఎముకల వార్డువాళ్ళు నా ప్రాణం తీస్తున్నారు, రెండెక్కువ వేయించమని.”

“ప్రసూతి వాళ్ళేమన్నారు?”

“ఏమీ అనలేదే.”

“మా చిన్నదో?”

“ఎవరి పిల్లో ఏడుస్తుంటే ఎత్తుకుని తిప్పుతోంది. నన్ను చూసి నవ్వింది.”

“అది నవ్వక చస్తుందా?” అంటూ మడతలమ్మ చేతిలో దుప్పటిని అవసరమైన దానికన్నా గట్టిగా దులిపింది.

మధ్యాహ్నం అన్నాల వేళకి చిన్నది నిజంగానే దిగివచ్చింది. మెట్లు దిగితేనే రొప్పుతోంది. గోడకి చెయ్యి ఆనించి కాసేపు నిలబడింది, పెదాల మీద చెమట తుడుచుకుంది. ఒంట్లో బాగా లేదా అని అడగాల్సింది. మడతలమ్మ చూసింది, అడగలేదు. అడగవలసింది అవతలి మనిషి అన్న పట్టుదలలో ఉంది.

ఇద్దరూ పెట్టెల మీద కూర్చుని క్యారేజీలు విప్పారు. చిన్నది తన కూర సగం ఈవిడ గిన్నెలో వేసింది. తను మాత్రం రెండు ముద్దలు తిని మూత పెట్టేసింది.

“కొత్తవి వచ్చాయటగా అక్కా?”

మడతలమ్మ తల ఎత్తలేదు. “ఆ, వచ్చాయి. అయితే?”

“అయితే ఏముంది? నాకు మాత్రం పంపకు తల్లీ. గంజికి అట్టల్లా ఉంటాయి. పసిపిల్లల ఒళ్ళు గీరుకుపోతుంది. నువ్వు పంపే పాతవే నాకు బంగారం.”

మడతలమ్మ చేతిలో ముద్దని మళ్ళీ గిన్నెలో పెట్టేసింది.

“మొదట్లో నర్సమ్మలు గొణిగేవాళ్ళు, మనకన్నీ వెలిసిపోయినవే వస్తున్నాయని. వాళ్ళకేం తెలుసు? నేనే చెప్పాను. కింద మా అక్క ఉంది, పసిగుడ్ల ఒంటికి ఏది మెత్తగా ఉంటుందో ఎరిగిన మనిషి, అడక్కుండానే ఏరి పంపుతుంది అని. ఇప్పుడు పక్క వేసేటప్పుడల్లా వాళ్ళే అంటారు, అక్కగారి దుప్పట్లు తెమ్మని. నీ మనవడు పుట్టినప్పటినుంచే కదూ అలా పంపడం? నేను కనిపెట్టానులే.”

చిన్నది నవ్వి, లేచి, పైట సర్దుకుని, మెట్టుమెట్టుకీ ఆగుతూ పైకి వెళ్ళిపోయింది.

ఇంకొకరైతే కరిగిపోయేవారేమో. మడతలమ్మ భగ్గుమంది. ఇన్నాళ్ళ కక్షని, ఎంతో ఓపికగా ఏరి కూర్చి మడతపెట్టిన కక్షని, అది పిల్లల పొత్తిగుడ్డలు చేసుకుంది! నవ్వుమొహం దానిదే, మనవడు దానివాడే, ఊరంతా దానిదే. చివరికి మడతలమ్మ ఏడుపు కూడా దానికే కలిసొచ్చింది. లోపలొక దేబె మనసు ‘అక్కగారి దుప్పట్లు’ అన్న మాటని మళ్ళీ మళ్ళీ తడుముకుంటోంది. అది తెలిసి ఆమెకి ఇంకా మండింది.

ప్రసూతి వార్డు అరలోంచి పాతవన్నీ లాగి అవతల పడేసింది. కొత్త మూటలు విప్పి, ఒకదాని మీద ఒకటి, అర పగిలేలా కూరింది.

“ఇదేంటి, కొత్తవన్నీ వాళ్ళకేనా?” అన్నాడు బండాయన. “మరి ఎముకల వార్డుకి?”

“ఆ పాతవి తీసుకుపో.”

“వాళ్ళు నన్ను చంపేస్తారమ్మా.”

“చావు” అంది మడతలమ్మ. ట్రాలీ లిఫ్టులోకి ఎక్కేదాకా చూసి, మళ్ళీ బల్ల దగ్గరికి వెళ్ళింది. ఇప్పుడైనా దిగి రాక ఏంచేస్తుంది? వచ్చి దెబ్బలాడనీ. దెబ్బలాడినా అడిగినట్టే.

సందుల్లోంచి దిగే వెలుతురు గోడ మీద పసుపుపచ్చగా మారేదాకా చూసింది. ఎవరూ రాలేదు. ఆ తరవాత బండాయన వచ్చాడు. ట్రాలీ లేదు, ఈల లేదు. ఖాళీ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు చొక్కాకి తుడుచుకుంటున్నాడు.

“పైకి రా తల్లీ, మీ చిన్నది…” అన్నాడు.

ఆ యంత్రాల రొదలో అంత మెల్లగా అన్న మాట మడతలమ్మకి స్పష్టంగా వినిపించింది.

మనవడు పుట్టిన రోజు తరవాత ఆమె ఆ వార్డు గుమ్మం తొక్కలేదు. ఎన్ని కిటికీలో, ఎంత వెలుతురో! మూల మంచం మీద చిన్నదాన్ని పడుకోబెట్టారు. కళ్ళు మూసి ఉన్నాయి. ఇంతకుముందే పోయిందనీ, డాక్టరు వచ్చేలోపే గుండె ఆగిపోయిందనీ చెప్పింది నర్సు. నర్సు చిన్నపిల్ల, ముక్కు ఎర్రబడిపోయి ఉంది.

“కొత్త దుప్పట్లు రాగానే అందరికీ చూపించిందమ్మా. వద్దన్నా వినకుండా అన్నీ నాకే పంపింది చూడండి మా అక్క అని ఎంత మురిసిపోయిందో. గంజి పోయేలా ఒకసారి నీళ్ళలో తీస్తానని స్నానాలగదిలోకి వెళ్ళింది. ఒంట్లో నలతగా ఉందన్నావు కదా, రేపు చూద్దువులే అన్నాం. రాత్రికి పిల్లలకి కావాలి కదా అంది. చప్పుడైతే వెళ్ళి చూశాం…”

వద్దన్నా పంపింది. నిజమే, వద్దందనే పంపింది. ఆ సంగతి తెలిసినవాళ్ళు ఇంకెవరూ లేరు. నర్సు ఈమె చేతులు పట్టుకుని ఓదారుస్తోంది.

మంచం మీద పరిచింది కొత్త దుప్పటి. మడతల గీతలు నలుచదరంగా లేచి ఉన్నాయి. వాటిలో ఒకటి చిన్నదాని చెంపని ఒరుసుకుంటోంది.

“ఇది తీసెయ్యండి, గీరుకుంటుంది” అంది మడతలమ్మ.

నర్సుకి అర్థం కాలేదు. వార్డులో మెత్తటిది ఒక్కటి కూడా మిగల్లేదు. ఎముకల వార్డుకి వెళ్ళి అడిగి తెమ్మని మడతలమ్మ బండాయన మీద అరిచింది. అతను పరుగున వెళ్ళి వెలిసిపోయింది ఒకటి పట్టుకొచ్చాడు. మనిషిని అటు ఒకసారి ఇటు ఒకసారి ఒత్తిగిల్లజేసి, ముడత పడకుండా ఆమే పరిచింది. చిన్నది ఎంత తేలిగ్గా ఉందో! తడి దుప్పటి బరువు కూడా లేదు.

మంచాల మీద బాలింతలు పిల్లల్ని గుండెలకి హత్తుకుని ఏడుస్తున్నారు. నిన్న మొన్న చేరినవాళ్ళు, రెండు రోజులు కూడా ఎరగనివాళ్ళు. మడతలమ్మ వాళ్ళందరినీ చూసింది. తను పోతే ఎవరేడుస్తారు? మంచం పక్కనే నిలబడి ఇలాంటి లెక్క వేస్తున్నందుకు తనని తానే తిట్టుకుంది. అయినా లెక్క ఆగలేదు. రేపు పొద్దున దీపానికెదురుగా దుప్పటి ఎత్తిపట్టినప్పుడు పలచటిది కనిపిస్తే ఏ అరలో పెట్టాలి? ఇన్నేళ్ళుగా ఎవరిని చూసి కుళ్ళుకుంటూ పొద్దున్నే లేచిందో ఆ మనిషి లేదు. అప్పుడొచ్చింది ఏడుపు, లాండ్రీలో అరిచినంత గట్టిగా వచ్చింది. పిల్లలు ఉలిక్కిపడి లేచి అందుకున్నారు.

ఏడ్చి ఏడ్చి మొహం కడుక్కుందామని స్నానాలగదిలోకి వెళ్ళింది. తొట్టెలో మిగిలిన కొత్త దుప్పట్లు మునిగి ఉన్నాయి, నీళ్ళు గంజితో తెల్లబడ్డాయి. తడిసిన దుప్పటి పిండాలంటే అవతలి కొస పట్టుకోవడానికి రెండో మనిషి కావాలి. మనిషి లేనప్పుడు కుళాయికి చుట్టి, ఒక్కరే మెలితిప్పుకోవాలి. చిన్నది అదే చేసింది. కిందికి ఒక్క కబురు పెడితే తను వచ్చేది కాదా? వచ్చేది కాదు. ఆ సంగతి మడతలమ్మకి తెలుసు.

కుళాయికి చుట్టిన దుప్పటి సగం పిండి ఉంది. దాని మెలి దానంతటదే మెల్లగా విప్పుకుంటోంది, వదిలేసిన కొసనుంచి నీళ్ళు నేల మీదికి కారుతున్నాయి.