ఐదింటి బస్సెక్కేవాళ్ళు

“పేరు నీదైతేనేం, నాదైతేనేం? ఇద్దరం ఒకటే కదా” అన్నారు మా ఆయన.

అప్పుడు నేను ఆయన చొక్కాకి ఊడిపోయిన బొత్తం కుడుతున్నాను. మర్నాటి మీటింగుకి వేసుకోవలసిన చొక్కా. పళ్ళతో దారం తెంపి “అవును కదా” అన్నాను. అనడమే కాదు, రెండు నిమిషాలు సంతోషపడ్డాను కూడా. పెళ్ళయి నాలుగు నెలలు. ఈ నాలుగు నెలల్లో ప్రతిదానికీ సంతోషం వేసే జబ్బొకటి నాకు పట్టుకుంది. ఒకే గ్లాసులో రెండు టూత్‌బ్రష్‌లు కనిపిస్తే సంతోషం. కొత్త కర్టెన్ రింగులు కడ్డీ మీద జర్రున జారితే సంతోషం. ఆయన తల తుడుచుకుని మంచం మీద పడేసిన తడి తువ్వాలు చూసి కూడా, అయ్యో పిచ్చి మొగుడు, అని మురిసిపోయిన దాన్ని. అలాంటిదాన్ని, “ఇద్దరం ఒకటే” అంటే మురవకుండా ఉంటానా? మూడో నిమిషంలో రిపోర్టు అట్ట మీదున్న పేరు వైపు చూశాను. నిజమే, ఇద్దరం ఒకటే. ఆ ఒకటీ ఆయనే.

ఆ రిపోర్టు నాది. ఆరు వారాలు తెల్లవారుజామున లేచి బస్టాండులో నిలబడి రాసుకొచ్చినది. మా ఊరి ఎయిర్‌పోర్టుకి ఒకే రన్‌వే. రోజుకి పది విమానాలు దిగితే ఆరోజు మా డైరెక్టరు గారు అందరితోనూ నవ్వుతూ మాట్లాడతారు. అందులో కొత్త సర్వీసుల విభాగం మాది. నలుగురం, నాలుగు బల్లలు. మా ఆయన నా పై ఆఫీసరు. ఇంట్లో ‘ఏవండీ’, ఆఫీసులో ‘సార్’. మొదట్లో అదీ సరదాగానే ఉండేది. గుమ్మం దాటగానే మొగుడు సారైపోవడం తమాషా కాదూ అనుకునేదాన్ని. గుమ్మం ఇటు దాటినా సారుగానే ఉంటారని తర్వాత తెలిసింది.

మా విభాగానికి ఏడాదిగా ఒకటే పని. సముద్రాలవతల ఒక చలి దేశం ఉంది, పదకొండు గంటల ప్రయాణం. మా చుట్టుపక్కల ఊళ్ళ నుంచి అక్కడికి వెళ్ళేవాళ్ళు వేలల్లో ఉన్నారు. కాని వాళ్ళంతా తెల్లవారుజామున ఐదింటి బస్సెక్కి, ఏడు గంటలు కుదుపులు తింటూ పెద్ద నగరానికి పోయి, అక్కడ విమానం ఎక్కుతారు. ఆ విమానమేదో మా ఊరి నుంచే ఎగిరేలా ఒక ఎయిర్‌లైన్స్‌ని ఒప్పించాలి. వాళ్ళకి కావలసింది ఒక్కటే, ఏడాది పొడుగునా సీట్లు నిండాలి. నిరుడు మా వాళ్ళు ఒక సర్వే చేయించి పంపారు. అందులో నూటికి అరవై మంది ‘బంధువులను చూడడానికి’ వెళ్తున్నట్టు తేలింది. ఉద్యోగానికి వెళ్ళేవాళ్ళు పన్నెండే. ఎయిర్‌లైన్స్ నుంచి రెండు వాక్యాల జవాబు వచ్చింది. బంధువుల కోసం సెలవుల్లో నిండి, మిగతా తొమ్మిది నెలలు ఖాళీగా ఎగిరే విమానం మాకు అక్కర్లేదన్నారు.

అది తప్పని నాకెందుకో అనిపించింది. ఒకసారి వెళ్ళి చూసొస్తానన్నాను. “నీ సరదా ఎందుకు కాదనాలి, వెళ్ళు” అన్నారు మా ఆయన. సరదా అట!

మా అత్తయ్యకి మాత్రం అది సరదాగా కనిపించలేదు. “కొత్త పెళ్ళికూతురు చీకటితోనే బస్టాండుకి పోయి మనుషుల్ని లెక్కపెడుతోందంటే నలుగురూ నవ్వరటే?”

“ఉద్యోగం కదత్తయ్యా.”

“మహా ఉద్యోగం! ఆ లెక్కలేవో ఇంట్లో మొదలెట్టు. ఉన్నది ముగ్గురం. అందులో ఇద్దరికి పొద్దున కాఫీ దిక్కులేదని తేలుతుంది.”

ఆ మర్నాటి నుంచి నాలుగింటికే లేచి ఇద్దరి కాఫీ ఫ్లాస్కులో పోసి, కూరలు తరిగి గిన్నెలో మూతపెట్టి, ఆయన చొక్కా ఇస్త్రీ చేసి కుర్చీకి తగిలించి వెళ్ళేదాన్ని. ఒక్కరోజు ఫ్లాస్కు మూత సరిగ్గా పడక కాఫీ చల్లారింది. “ఊరందరి ప్రయాణాలూ దీనికే కావాలి, ఇంట్లో కాఫీ మాత్రం అక్కర్లేదు” అని అత్తయ్య మూడు రోజులు ఫోన్లో చుట్టాలందరికీ చెప్పింది. మా ఆయన పక్కనే కూర్చుని పేపరు తిరగేశారు. తరవాత గదిలోకి వచ్చి, “అమ్మ మాటలు పట్టించుకోకు, కాస్త మూత గట్టిగా పెట్టు” అన్నారు. అదీ ఆయన నా పక్షాన మాట్లాడడం.

అయినా ఆ పొద్దుటి పూటలు నాకు భలే నచ్చాయి, అబద్ధమెందుకు. నొక్కితే అంకె మారే చిన్న లెక్కమిషన్ చేతిలో పట్టుకుని, దాని టిక్కు టిక్కు వింటూ నిలబడడం, డ్రైవరు బస్సు అద్దం మీద మంచు తుడుస్తుంటే లోపలి దీపాలు ఒక్కొక్కటే కనబడడం. మొదటి మూడు రోజులూ నిరుటి సర్వేవాళ్ళలాగే నేనూ సూట్‌కేసులు పట్టుకున్నవాళ్ళ దగ్గరికే వెళ్ళి అడిగాను. వాళ్ళంతా మగవాళ్ళు. “ఎందుకు వెళ్తున్నారండీ?” అంటే, “అక్కడ పిల్లల్ని చూసుకోవడానికి” అనో, “ముసలావిడ ఒకావిడుంది, చూసుకోవాలి” అనో చెప్పేవాళ్ళు. నేను బుద్ధిగా సర్వే కార్డులో ‘బంధువులు’ అన్న గడిలో టిక్కు పెట్టేదాన్ని. నాలుగో రోజు ఒకాయన అలాగే చెప్పి, సూట్‌కేసు బస్సు కింద పెట్టెలో పడేసి, సైకిలెక్కి ఇంటికెళ్ళిపోయాడు. నేను నోరు తెరుచుకుని నిలబడ్డాను. అప్పుడు ఊదారంగు శాలువా కప్పుకున్న ఒకావిడ నా వెనక పకపకా నవ్వింది.

“ఆయన్నడిగితే ఏం తెలుస్తుందమ్మా? వెళ్ళేది నేను.”

“మరి సూట్‌కేసు?”

“నాదే. బస్సెక్కేదాకా ఆయన మోస్తాడు. బస్సెక్కినప్పటి నుంచి మళ్ళీ రెండేళ్ళూ నేను మోస్తాను.” ఆవిడ గుండెలకి హత్తుకున్న చిన్న సంచీలో పాస్‌పోర్టు ఉంది. “పిల్లల్ని చూడ్డానికంటే నా మనవలనుకున్నావా? ఎవరి పిల్లలో! అది నా ఉద్యోగం. ఇది నాలుగోసారి పోవడం.”

ఆరోజు నా చేతిలోని కార్డులన్నీ చించి పారేశాను. బంధువులట! నిరుడు సర్వేకి వచ్చిన మహానుభావుల్లో ఒక్కడికీ సూట్‌కేసు పక్కనున్న మనిషిని పలకరించాలని తోచలేదు. పొద్దున్నించి రాత్రిదాకా పరాయి ముసలివాళ్ళ ఒళ్ళు తుడిచి, పరాయి పిల్లలకి అన్నం తినిపించి, ఆ సంపాదనతో ఇల్లు నడిపే ఆడవాళ్ళు లెక్కలో ‘చుట్టపుచూపుకి’ వెళ్తున్నారు. ఆడది ఒక పిల్లాణ్ణి ఎత్తుకుందంటే అది పని ఎలా అవుతుంది, మమకారం గాని! ఆ గడి కనిపెట్టినవాడి ఇంట్లో కాఫీ ఎవరు కలుపుతారో అని కూడా అనుకున్నాను. ఆ తర్వాత ఐదు వారాలూ సూట్‌కేసుల వైపు చూడలేదు. పాస్‌పోర్టు ఎవరి దగ్గరుందో చూసి వాళ్ళనే అడిగాను. పదకొండు వందల మందిలో నూటికి నలభై ఏడు మంది ఉద్యోగానికి. వాళ్ళలో చాలామంది ఆడవాళ్ళే. ఇంటికొచ్చి అన్నం తింటూ ఇదంతా మా ఆయనకి ఊపిరాడకుండా చెప్పాను. ఆయన ఫోన్ చూసుకుంటూ “ఊఁ, ఊఁ, నంబరెంత వచ్చింది?” అన్నారు. నంబరు చెప్పాను. తలెత్తి, పెళ్ళిచూపుల నాడు చూసినట్టు చూశారు. నేను మళ్ళీ మురిశాను. చెప్పానుగా, జబ్బు.

అదే వారంలో ఆఫీసులో సర్క్యులర్ వచ్చింది. భార్యాభర్తలు ఒకే విభాగంలో పనిచేయకూడదు, నెలాఖరులోగా ఇద్దరిలో ఒకరు మారాలి. ఖాళీగా ఉన్నది ఒకే చోటు, టెర్మినల్లో ఎంక్వైరీ కౌంటర్. బాత్రూములు ఎటువైపో చెప్పే ఉద్యోగం. ఎవరు మారతారని నన్ను ఎవ్వరూ అడగలేదు. “నీకు నలుగురితో మాట్లాడడం ఇష్టమేగా, కౌంటర్ బావుంటుందిలే” అన్నారు మా ఆయన. “కౌంటర్‌కి కళొస్తుందమ్మా” అన్నారు డైరెక్టరు గారు. “హమ్మయ్య, కౌంటరంటే షిఫ్టే కదా, తీరికగా వంట చేసుకుని పోవచ్చు” అంది అత్తయ్య. ముగ్గురూ ముందే కూడబలుక్కున్నట్టు సంతోషించారు. మర్నాడే ఎయిర్‌లైన్స్‌తో మీటింగు. మా ఆయన చొక్కాకి బొత్తం ఊడిపోయి ఉంది.

ఎయిర్‌లైన్స్ నుంచి ఒక్కడే వచ్చాడు, రూట్లు ప్లాను చేసే మనిషి. జలుబు చేసి ముక్కు తుడుచుకుంటూ, ఎప్పుడు వెళ్ళిపోదామా అన్నట్టున్నాడు. నన్ను మా ఆయన పక్కన చివరి కుర్చీలో, కంప్యూటరు ముందు కూర్చోబెట్టారు. సార్ తలూపినప్పుడల్లా తెర మీద బొమ్మ మార్చాలి. మధ్యలో కాఫీ కూడా నేనే పోశాను. “కొత్త పెళ్ళికూతురి చేతి కాఫీ, తాగి చూడండి” అన్నారు డైరెక్టరు గారు. ఆఫీసు మిషన్ కాఫీ అది.

మా ఆయన బాగానే మాట్లాడారు. ఆ మాటలన్నీ నేను అన్నం తింటూ చెప్పినవే. కాకపోతే ‘నేను గమనించాను’, ‘నేను విశ్లేషించాను’ అంటుంటే, ఎవరో నా చీర కట్టుకుని నా ముందే తిరుగుతున్నట్టు ఉంది.

ప్లానరు రుమాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు. “నిరుడు ఉద్యోగస్తులు పన్నెండు. ఇప్పుడు నలభై ఏడు. అదే ఊరు, అదే బస్టాండు. ఏడాదిలో ఏం మారిందండీ?”

“డిమాండ్ పెరిగింది సార్.”

“నాలుగు రెట్లా?”

“ఈసారి మేం చాలా లోతుగా వెళ్ళాం.”

“అదే అడుగుతున్నాను. బస్టాండులో ఎవర్ని అడిగారు?”

మా ఆయన ఛాతీ విరుచుకున్నారు. నేను కుట్టిన బొత్తం మెరిసింది. “సూట్‌కేసు చేతిలో ఉన్న ప్రతి ఒక్కర్నీ సార్. ఒక్కర్ని కూడా వదల్లేదు.”

ఆరు వారాలు చెప్పాను. సూట్‌కేసు ఆయన సంగతి రెండుసార్లు, నవ్వించాలని నటించి మరీ చెప్పాను. ‘ఊఁ’ అన్నారు. నవ్వారు కూడా. నంబరొక్కటే దాచుకుని, మిగతాదంతా తడి తువ్వాలులా ఎక్కడో పడేశారన్నమాట.

ప్లానరు ఫైలు మూసేశాడు. “నిరుటి వాళ్ళూ ఇదే చెప్పారు. అదే పద్ధతిలో అడిగితే జవాబు నాలుగు రెట్లు ఎలా మారుతుంది? ఈ నంబర్లు ఎవరో వండారు. మీ టైమూ నా టైమూ ఎందుకు వృథా?”

మా ఆయన నా వైపు చూశారు. ఆ చూపు నాకు తెలుసు. సాక్సు కనబడనప్పుడు చూసే చూపు. వెతికి చేతికివ్వాలి, ఎక్కడ దొరికిందో చెప్పకూడదు. ఒక్క క్షణం నాకు నోరు మూసుకుని కూర్చోవాలనిపించింది. పడనీ, అందరి ముందూ బోర్లా పడనీ, ఆ అట్ట మీదున్న పేరుతో సహా. కాని నేను నోరు మూసుకుంటే పడేది ఆయనొక్కరే కాదు. ఊదారంగు శాలువా ఆవిడ అయిదోసారి కూడా ఏడు గంటలు ఆ బస్సులో కుదుపులు తింటూ పోతుంది. ఆవిడ అబద్ధమైపోతుంది, పదకొండు వందల మందీ ఎవరో వండిన నంబర్లైపోతారు.

“సూట్‌కేసు పట్టుకున్నవాళ్ళని అడగలేదండీ” అన్నాను.

బల్ల కింద మా ఆయన కాలు నా కాలిని గట్టిగా తొక్కింది. “ఆవిడ జూనియరు సార్. కాస్త కంగారు పడుతోంది.”

“కంగారేం లేదండీ” అని కాలు లాక్కున్నాను. “సూట్‌కేసు పట్టుకునేది సాగనంపడానికి వచ్చిన మొగుడో, తమ్ముడో. నిరుడు వాళ్ళని అడిగారు. నేను వెళ్ళేవాళ్ళని అడిగాను. వెళ్ళేవాళ్ళ దగ్గర పాస్‌పోర్టుంటుంది.”

ప్లానరు ఫైలు తెరవలేదు గాని కుర్చీ నా వైపు తిప్పాడు. “ఉద్యోగమే అనుకుందాం. వాళ్ళూ సెలవుల్లోనే వస్తారు కదా?”

“రెండేళ్ళ ఒప్పందం. ఎవరి రెండేళ్ళు ఎప్పుడు నిండితే అప్పుడు వస్తారు. పనిచేసే ఇంటివాళ్ళు సెలవులకి పోతే ఇల్లు కాపలా కాసేది వీళ్ళే, అప్పుడసలు వదలరు. కిందటిసారి ఏ నెలలో వచ్చారో ప్రతి ఒక్కర్నీ అడిగి రాశాను. పన్నెండు నెలల్లోనూ ఉన్నారు. కార్డులు తెమ్మంటారా?”

తెమ్మన్నాడు. తెచ్చాను. ముక్కు తుడుచుకోవడం కూడా మర్చిపోయి పావుగంట చదివాడు. ఇద్దరు ముగ్గురి గురించి అడ్డదిడ్డంగా గుచ్చి గుచ్చి అడిగాడు. చెప్పాను. మెచ్చుకోలేదు, నవ్వలేదు. “ఆరు వారాలు చాలదు. ఇంకో ఆర్నెల్లు ఇదే పద్ధతిలో లెక్కపెట్టి పంపండి. ఈవిడే పెట్టాలి. నంబరు నిలబడితే విమానం సంగతి మాట్లాడదాం.”

డైరెక్టరు గారు చేతులు నలుపుకున్నారు. “అక్కడే చిన్న చిక్కండీ. వీళ్ళిద్దరూ భార్యాభర్తలు. రూలు ప్రకారం ఈ నెలాఖరుకి అమ్మాయి కౌంటర్‌కి వెళ్ళిపోతోంది.”

“దానికేముంది సార్” అని మా ఆయన తేలిగ్గా నవ్వేశారు. రంగు తిరిగొచ్చింది ముఖంలోకి. “నేను చూసుకుంటాను. ఎక్కడికి పోతుంది, ఇంట్లోనే ఉంటుందిగా! రాత్రి అడిగి పొద్దున చేసేస్తాను.”

అందరూ నవ్వారు. నాలుగు నెలలుగా నేను కూడా నవ్వుతూ వచ్చిన చోటే అది. ఈసారి నవ్వు కోసం వెతికితే దొరకలేదు. నవ్వకుండా ఉండడం అంత తేలిగ్గా ఉంటుందనుకోలేదు నేను, తలనొప్పి తగ్గిపోయినట్టు. సర్క్యులర్ నాలుగు వాక్యాలే, నాకు కంఠతా వచ్చు. అందులో అమ్మాయి అని లేదు, కోడలు అని లేదు, జూనియరు అని కూడా లేదు.

“నేను వెళ్ళడం లేదండీ” అన్నాను డైరెక్టరు గారితో. “ఇద్దరిలో ఒకరు మారాలని రూలు. నేను ఉంటున్నాను.”

నవ్వులు ఆగిపోయాయి. తర్వాత గదిలో ఉన్నవాళ్ళంతా ఒక్కొక్కరే మా ఆయన వైపు తిరిగి, కౌంటర్‌కి వెళ్ళబోయే మనిషిని చూసినట్టు చూశారు.