నవ్వే మనిషికి దిగులా

డ్రైవింగ్ స్కూల్లో కారు నేర్పే ఆమెకు విద్యార్థులు పెట్టిన పేరు బ్రేకు మేడం. వాళ్ళ కాలు తడబడేలోపే తన వైపున్న బ్రేకు నొక్కేసేది. అంత చురుకైన మనిషికి ఆ చలికాలం నుంచి మంచం దిగడమే గగనమైపోయింది. ఎంత నిద్రపోయినా చాలేది కాదు. లేస్తే కాళ్ళకు ఇసుక మూటలు కట్టినట్టుండేది. కడుపు నిండినా ఏదో ఒకటి నములుతూనే ఉండేది. స్కూలు యజమాని మామూలుగా ఒక మాటంటే అది రోజుల తరబడి ముల్లులా గుచ్చుకునేది. చివరికి సెలవు పెట్టి ఇంట్లో కూర్చుంది.

భర్త భయపడి డాక్టరుకు చూపిద్దామన్నాడు. మామగారు ఒప్పుకోలేదు. ఆ ఇంట్లో దిగులు జబ్బు గురించి మాట్లాడే హక్కు ఆయనదే. లేత్ మెషీన్ మీద పనిచేసే రోజుల్లో ఆయనకే అది వచ్చింది. తెల్లవారకముందే మెలకువ వచ్చేసేది, ముద్ద దిగేది కాదు, చొక్కాలు వదులైపోయాయి. కూతురికి పుట్టిన మనవరాలిని చేతిలో పెడితే ఎవరి బిడ్డనో చూసినట్టు చూశారట. ఆసుపత్రిలో ఉంచి వైద్యం చేయిస్తే గానీ మళ్ళీ మనుషుల్లో పడలేదు. అలాంటిది, స్నేహితురాలు వచ్చిన రోజు కోడలి గదిలోంచి పకపకలు వినిపించేసరికి, ఇది జబ్బు కాదు బద్ధకమని తేల్చేశారు.

కొడుకు పట్టు వదల్లేదు. కానీ డాక్టరు దగ్గరికి వెళ్ళే రోజు అతనికి డ్యూటీ పడి, ఆమెకు తోడు వెళ్ళాల్సింది మామగారే అయింది.

మానసిక వైద్యురాలు తొందరపడలేదు. థైరాయిడ్ పరీక్షలో తేడా లేదని చూసుకుంది. నిద్ర లేకపోయినా అలుపు లేకుండా, పట్టపగ్గాల్లేని హుషారుగా గడిపిన రోజులు ఎప్పుడైనా ఉన్నాయా అని అడిగింది. ఉంటే అది వేరే జబ్బట, దాని మందులూ వేరట. లేవని తెలిశాక ఇంకో ప్రశ్న వేసింది.

"మంచి కబురు వింటే మనసు తేలికవుతుందా?"

"అవుతుందండీ. వచ్చినవాళ్ళు గడప దాటేదాకా."

మామగారు ఉండబట్టలేకపోయారు. "నాకు మనవరాలు పుట్టినా నవ్వు రాలేదు డాక్టరుగారూ. దిగులంటే అది."

"మీదీ దిగులు జబ్బే, ఈమెదీ అదే. రకం వేరు. మీకు నిద్రా ఆకలీ పోయాయి, ఏ మంచీ మనసుకెక్కలేదు. ఈమెకు ఆ రెండూ ఎక్కువయ్యాయి. మంచి జరిగితే కాసేపు తేరుకుంటుంది, చిన్న మాటకే కుంగిపోతుంది. నవ్వు వస్తోందా లేదా అన్నది ఏ రకమో తేల్చుకోవడానికి పనికొస్తుంది. జబ్బే లేదనడానికి కాదు."

అందరూ ఈ రకాల్లో గీత గీసినట్టు ఇమడరనీ, మొదటి మందు పడకపోతే మార్చాల్సి రావచ్చనీ ముందే చెప్పి పంపింది.

తిరుగు బస్సులో ఆయన ఆమె పక్కన కూర్చుని టికెట్లు తీసుకున్నారు. తర్వాత అడిగారు.

"నవ్వేటప్పుడు లోపల ఎలా ఉంటుందమ్మా?"

"బాగానే ఉంటుంది మామయ్యా. అందుకే నటిస్తున్నానేమోనని నాకే అనుమానం."

ఆయన దిగేటప్పుడు ఆమె చేతిలోని సంచి తను అందుకున్నారు.

మొదటి మందు నిజంగానే పడలేదు. రెండోది మెల్లగా పట్టింది. కౌన్సెలర్ దగ్గరికీ వెళ్ళింది. పొద్దున్నే ఆమెను లేపి నడకకు తీసుకెళ్ళే బాధ్యత మామగారు నెత్తినేసుకున్నారు. కొన్నిసార్లు వీధి చివర నుంచే వెనక్కొచ్చేవారు. భార్యకు కూడా చెప్పని సంగతులు ఆ దారిలోనే కోడలికి చెప్పారు.

వేసవికల్లా ఆమె ఒక పూట పనికి వెళ్ళసాగింది. మందు ఆపేయవచ్చా అని అడిగితే డాక్టరు ఇప్పుడే వద్దంది. ఇంటికొచ్చి మామగారికి ఆ మాటే చెప్పింది.

"నేను ఒకసారి తొందరపడి ఆపేశానమ్మా," అన్నారు మామగారు. "నువ్వు ఆపకు."