క్లోజప్పు కోసం దాచుకున్న ఏడుపు

ముప్పై ఏళ్లు సినిమాల్లో గుంపులో గోవిందా అనిపించుకున్నవాడికి ఒకరోజు హీరో వేషం వచ్చింది. పెళ్లాం నమ్మలేదు. పోలీసుల వెనక, పెళ్లివారి వెనక, శవం మోసేవాళ్ల వెనక ఆయన మొహం కోసం వెతికి వెతికి ఆవిడ కళ్లు కాయలు కాశాయి.

"ఈసారి వెతుక్కోనక్కర్లేదులే. తెరంతా నేనే" అన్నాడు.

సినిమా కథ చిన్నది. భార్య పోయిన గుమాస్తా ఒకడు ఎందుకు బతకాలో తెలియక కిటికీలోంచి చూస్తూ కూర్చుంటాడు. అంతే. బూడిదరంగు గోడలు, కదలని వెలుతురు. కెమెరా మాత్రం ఎప్పుడూ వీపు వెనకే.

ఆయనకు తెలిసిన పద్ధతి ఒకటే. ముందు వెనకనుంచి తీస్తారు, ఆ తర్వాత లైట్లు మార్చి, ఎదురుగా వచ్చి క్లోజప్పు తీస్తారు. బుద్ధున్న నటుడెవడూ వీపు షాట్లో కన్నీళ్లు పారబోసుకోడు. అందుకని ఏడుపంతా దాచుకుని, ఒళ్లు కుర్చీకి అప్పగించేసి, బుర్రలో ఏ ఆలోచనా లేకుండా కూర్చునేవాడు. రోజూ సాయంత్రం క్లోజప్పు ఎప్పుడని అడిగేవాడు. కుర్ర డైరెక్టరు చూద్దాంలే అనేవాడు. ఇరవై రెండో రోజున సామాను సర్దేశారు. మొహం షాట్లన్నీ విడిగా తీస్తారు కాబోలని తనకు తానే సర్దిచెప్పుకున్నాడు. మళ్లీ ఎవరూ పిలవలేదు.

మొదటి ప్రదర్శనకు ఇస్త్రీ చొక్కా వేసుకుని, పెళ్లాన్ని పక్కన కూర్చోబెట్టుకుని చూశాడు. గంటన్నరసేపు తెరమీద ఆయన వీపే. చివరికి అదీ చీకట్లో కలిసిపోయింది.

"ఇప్పుడైనా ఇటు తిరుగుతారేమోనని చూస్తూనే ఉన్నానండీ" అంది ఆవిడ మెల్లిగా.

జనం లేచి చప్పట్లు కొట్టారు. పత్రికల్లో సినిమాల గురించి రాసే పెద్దమనిషి ఒకాయన మైకు పుచ్చుకుని, ఆ వీపులో మనిషే లేడని, ఉన్నా లేకపోయినా ఒకటే అయిన బతుకంతా అందులో కనపడిందని తెగ పొగిడాడు. డైరెక్టరు ఈయన్ని వేదిక మీదికి పిలిచి, భుజం మీద చెయ్యి వేశాడు.

"అంత ఖాళీ ఎక్కడినుంచి తెచ్చావన్నా? నేర్పినా రాదది."

"క్లోజప్పు కోసం ఆపుకున్నాను బాబూ."

డైరెక్టరు అది వేళాకోళం అనుకుని విరగబడి నవ్వాడు. ఇంతలో కిందనుంచి ఎవరో, ఒక్కసారి అటు తిరిగి నిలబడమన్నారు. తిరిగాడు. హాలు మోగిపోయింది. ఎదురుగా జానెడు దూరంలో తెల్లటి తెర. ఎవరికీ కనపడని మొహంతో, ఇప్పుడైనా ఏడుపు వస్తుందేమోనని ఆగాడు. రాలేదు. వాళ్లు చాలనేదాకా అలాగే నిలబడ్డాడు.